యూరియా బండి

మన పత్రిక సంపాదకులవారు మూడు నెలలుగా నన్ను ఫోన్లో తరుముతున్నారు. "డాక్టరుగారూ! వేసవి సంచికకి ప్రయాణం మీద ఏదైనా రాసి పంపండి. మీరు యెల్లోస్టోన్ వెళ్ళొచ్చారటగా!" అని. బయల్దేరిన మాట నిజమే కాని, వెళ్ళొచ్చామని ఆయనకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. బయల్దేరడానికీ చేరడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను రచయితను కాను. తప్పులుంటే పాఠకులు మన్నించాలి, లేదా సంపాదకులవారిని తిట్టాలి.

ముందు మా నాన్నగారి గురించి చెప్పాలి. ఆయన విజయవాడ ఆటోనగర్లో నలభయ్యేళ్ళు డీజిలు పంపు మెకానిక్కుగా పనిచేశారు. సొంత షెడ్డు. లారీ ఇంజనుకి డీజిలు అందించే పంపూ నాజిళ్ళూ విప్పి, సరిచేసి, మళ్ళీ బిగించడం పని. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, "మూడో సిలిండర్లో నాజిలు కారుతోందిరా" అనేవారు. విప్పి చూస్తే అదే అయ్యేది. గుంటూరు మెడికల్ కాలేజీలో మొదటిసారి స్టెతస్కోపు చెవిలో పెట్టుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ స్క్రూడ్రైవరే. నా చదువంతా ఆ పంపుల మీద వచ్చిన డబ్బే.

పొగ రంగు చూసి కూడా ఆయన జబ్బు చెప్పేవారు. నల్లపొగ అయితే డీజిలు ఎక్కువ, గాలి తక్కువ. నీలం పొగ అయితే ఇంజనాయిలు కాలుతోంది. తెల్లపొగ అయితే డీజిలు సరిగ్గా మండకుండానే బయటికి పోతోంది, లేదా నీళ్ళు దిగుతున్నాయి. అయితే నలభయ్యేళ్ళు ఆ పొగని చూడ్డమే కాదు, పీల్చారు కూడా. దానికి తోడు బీడీలు. నేను 2005లో మెడిసిన్లో చేరినప్పుడు బీడీలు మాన్పించాను గాని, అప్పటికే జరగవలసింది జరిగిపోయింది. ఇప్పుడాయనకి సి.ఓ.పి.డి. ఇందులో బీడీల వాటా ఎంత, లారీల వాటా ఎంత అంటే నేను చెప్పలేను, ఏ డాక్టరూ చెప్పలేడు. డీజిలు పొగ క్యాన్సరు తెప్పిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సరు విభాగం 2012లో తేల్చి చెప్పింది. నాన్నగారు షెడ్డు మూసేసిందీ ఆ ఏడే. ఆ రెంటికీ సంబంధం ఏమీ లేదు, మోకాళ్ళ నొప్పుల వల్ల మూశారు.

2024లో అమ్మానాన్నలు మా దగ్గరికి వచ్చారు. మేముండేది నెబ్రాస్కాలో ఒక చిన్న ఊరు. వీసా షరతు వల్ల డాక్టర్లు తక్కువగా ఉన్న చోట పని ఒప్పుకుని వచ్చి, షరతు తీరినా అక్కడే ఉండిపోయిన బాపతు మేము. నాన్నగారికి రాత్రిపూట ఆక్సిజన్ మిషను పెట్టుకుంటే గాని నిద్ర పట్టదు. "అమెరికా వచ్చాం, భూమిలోంచి వేణ్ణీళ్ళు ఎగజిమ్మే చోటు చూపించరా" అని ఆయన అడిగారు. మోటెళ్ళలో దిగుతూ, ప్రతి రాత్రీ మిషను మోసుకెళ్ళి, అమ్మకి వంట కుదరక... ఇదంతా ఆలోచించి, సగం వెర్రి, సగం ప్రేమ కలిసి, నేనో పాత మోటార్ హోమ్ కొన్నాను. తెలియనివారికి చెప్పాలంటే ఇల్లూ బస్సూ కలిపి కుట్టేసిన బొంత. 2013 మోడలు, 36 అడుగుల పొడుగు, వెనకవైపు డీజిలు ఇంజను. లోపల పొయ్యి, ఫ్రిజ్, పడకలు, స్నానాల గది అన్నీ ఉంటాయి. మా ఆవిడ చూసి, "దీని బదులు మన ఇంటికి చక్రాలు పెట్టించకపోయారా?" అంది.

బయల్దేరే రోజు ఉదయం నేను నీలం మూత ఉన్న ట్యాంకులోకి ఒక డబ్బా ద్రవం పోస్తుంటే నాన్నగారు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఏంట్రా అది?"

"యూరియా నీళ్ళు నాన్నా."

"యూరియానా? వరిచేలో చల్లే యూరియానా?"

"అదే. కాకపోతే చాలా శుభ్రమైంది. నూటికి 32.5 వంతులు యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్ళు."

అమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టి, "బండి కూడా ఏపుగా పెరుగుతుందేమిట్రా?" అంది. అప్పణ్ణుంచీ ఆ వాహనానికి మా ఇంట్లో యూరియా బండి అనే పేరు స్థిరపడిపోయింది.

నాన్నగారికి చెప్పినట్టే మీకూ రెండు ముక్కల్లో చెబుతాను. డీజిలు ఇంజను లోపలి వేడికి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. అవి ఊపిరితిత్తులకి మంచివి కావు. రెండోది మసి. అమెరికా ప్రభుత్వం పెద్ద డీజిలు ఇంజన్ల మీద నియమాలు బిగించడంతో 2007 నుంచి మసి పట్టే ఫిల్టరూ, 2010 నుంచి ఈ యూరియా పద్ధతీ వచ్చాయి. ఫిల్టర్లో మసి నిండినప్పుడు ఇంజనే దాన్ని సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు దాకా వేడెక్కించి కాల్చేసుకుంటుంది. యూరియాని వేడి పొగలోకి చిమ్మితే అది అమ్మోనియాగా మారి, నైట్రోజన్ ఆక్సైడ్లని మామూలు నైట్రోజన్ గాను, నీటి ఆవిరి గాను మార్చేస్తుంది. మన ఒంట్లో జరిగేది దీనికి తలకిందులు. ఒంట్లో పుట్టిన అమ్మోనియాని లివరు యూరియాగా మారిస్తే కిడ్నీలు బయటికి పంపిస్తాయి. జీవితమంతా రోగుల రక్తంలో యూరియా ఎక్కువైందని దిగులుపడ్డ నేను, యూరియా తక్కువైందని దిగులుపడే రోజు వస్తుందని అనుకోలేదు.

మరి యూరియా పొయ్యకపోతే? ఇంజను బాగానే నడుస్తుంది, పొగే పాడవుతుంది. కాబట్టి చాలామంది డబ్బు మిగుల్చుకుని పొయ్యకుండానే నడుపుతారు. అలా జరక్కుండా ఆ ఇంజన్లలో ఒక శిక్ష పెట్టారు. ముందు దీపం వెలుగుతుంది, తరవాత బలం తగ్గుతుంది, చివరికి గంటకి 5 మైళ్ళకి మించి కదలదు. ఉద్దేశం మంచిదే. చిక్కెక్కడంటే, ట్యాంకులో యూరియా ఉందో లేదో, మంచిదో కాదో చెప్పే చిన్న సెన్సరు ఒకటుంది. అది చచ్చిపోయినా ఇంజను అదే శిక్ష వేస్తుంది.

మొదటి రోజు బాగా గడిచింది. నేషనల్ హైవే మీద లారీని చూసినట్టు ప్రతి ట్రక్కునీ నాన్నగారు చూస్తూ, "ఇన్ని బళ్ళు పోతున్నాయి, ఒక్కదానికీ పొగలేదేమిట్రా?" అంటూ వచ్చారు. రెండోరోజు షయాన్ దాటి, 8,640 అడుగుల ఎత్తున్న కనుమ ఎక్కి లారమీలోకి దిగాం. దిగిన అరగంటకి పసుపు దీపం వెలిగింది. యూరియా ట్యాంకు ఖాళీ అని ముల్లు చూపించింది. బండి ఆపి మూత తీసి చూస్తే ట్యాంకు నిండుగా ఉంది!

ఐ.సి.యు.లో పనిచేసినవారికి ఇది తెలిసిన సంగతే. మానిటర్ మీద గీత తిన్నగా అయిపోతుంది, గంటలు మోగుతాయి, అందరం పరిగెత్తుతాం. వెళ్ళి చూస్తే రోగి మంచం మీద కూర్చుని జెల్లో తింటూ ఉంటాడు. ఛాతీ మీద అంటించిన తీగ ఊడిపోయి ఉంటుంది. అక్కడైతే తీగ మళ్ళీ అంటిస్తాం. ఇక్కడ తీగ ఊడిందని, రోగి కాళ్ళు కట్టేస్తారు.

రాలిన్స్ చేరేసరికి శుక్రవారం మధ్యాహ్నం మూడైంది. ఫోన్లు మొదలుపెట్టాను. ఒకచోట సోమవారం రమ్మన్నారు, ఒకచోట రెండు వారాలన్నారు. ఒక పుణ్యాత్ముడు మాత్రం ఓపిగ్గా విని, "నీ ఇంజను సంగతి నాకు తెలుసు. వేగం తగ్గే ఘడియ దగ్గర పడ్డాక ఇంజను ఆపి మళ్ళీ స్టార్టు చేశావంటే 5 మైళ్ళకి పడిపోతుంది. లాండర్లో క్యాంపుగ్రౌండు చేరేదాకా ఆపకు" అని చెప్పాడు. లాండర్ అక్కడికి 125 మైళ్ళ దూరం. ఆపొద్దన్నాడు కదా అని డీజిలు కూడా పోయించకుండా బయల్దేరాను. ఆ మాట బుర్రలో పెట్టుకున్నాను. బండిలో ఉన్న మిగతా ఐదుగురిలో ఒక్కరికీ చెప్పలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మడ్డీ గ్యాప్ అనే కూడలి దాటాక బండి బలం తగ్గింది. చుట్టూ ఇల్లు లేదు, చెట్టు లేదు. ఎండిన తుప్పలు, రాతికొండలు, గాలి. పది పన్నెండు మైళ్ళు వెళ్ళేసరికి మా అబ్బాయికి వాంతి వచ్చింది. రోడ్డు పక్కన, స్ప్లిట్ రాక్ అనే కొండ కనిపించే చోట, బళ్ళు ఆపుకునే స్థలం ఉంటే ఆపాను. కొండ కొమ్ము మీద తుపాకీ గురిపెట్టే గాడిలాంటి చీలిక ఉంటుంది. 1840ల నుంచి పశ్చిమానికి వలసపోయినవాళ్ళు రోజుల తరబడి ఆ చీలిక కేసి చూస్తూ ఎడ్లబళ్ళు తోలేవారని అక్కడ బోర్డు మీద ఉంది. పక్కనే స్వీట్‌వాటర్ నది. "తియ్యనీళ్ళ ఏరా? పేరు బాగుందే" అని అమ్మ మురిసింది. నేను ఇంజను నడుస్తూ ఉండగానే, ఫోను సిగ్నలు కోసం బాట వెంబడి కొంచెం ఎత్తుకి ఎక్కాను. పది నిమిషాలు గడిచి ఉంటాయి. ఉన్నట్టుండి ఏదో వెలితి అనిపించింది. ఇంజను చప్పుడు లేదు.

పరిగెత్తుకుంటూ వచ్చాను. నాన్నగారు డ్రైవరు సీటు పక్కన నిలబడి ఉన్నారు. చేతిలో తాళంచెవి.

"ఎవరు ఆపమన్నారు నాన్నా మిమ్మల్ని? తెలియని బండి జోలికి ఎందుకు వెళ్ళారు? ఇదేమైనా మీ ఆటోనగర్ లారీ అనుకున్నారా?"

నేను అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది. పిల్లలు బిగుసుకుపోయారు. మా ఆవిడ, "ఏమండీ!" అని మాత్రం అంది. నాన్నగారు తాళంచెవి నా చేతిలో పెట్టి, వెనక్కి వెళ్ళి సోఫాలో కూర్చున్నారు. స్టార్టు చేశాను. ఎర్రదీపం వెలిగింది. ఎంత తొక్కినా గంటకి 5 మైళ్ళు. తరవాతి ఊరు జెఫ్రీ సిటీ. ఒకప్పుడు యురేనియం గనితో వేలమంది ఉండి, 1980లలో గని మూతపడ్డాక దాదాపు ఖాళీ అయిపోయిన ఊరది. అక్కడికి చేరాలన్నా రెండు గంటల పైన పడుతుంది. సందెచీకట్లో ఆ రోడ్డు మీద నత్తలా పాకితే వెనకనుంచి వచ్చే ట్రక్కు మమ్మల్ని చూసుకోదు. రాత్రి అక్కడే ఉండిపోదామని నిర్ణయించాం. కొండమీద నిలబడితే దొరికిన ఒక గీత సిగ్నలుతో మర్నాటికి టో ట్రక్కుని పిలిచాను.

ఇక ఆక్సిజన్ లెక్క. మేమున్నది ఆరువేల అడుగుల పైన. నాన్నగారి వేలికి మిషను పెడితే, ఆక్సిజన్ లేకుండా 84, రెండు లీటర్లతో 91. మిషను 350 వాట్లు తింటుంది. ఇంటి బ్యాటరీల మీద ఐదారు గంటలు నడుస్తుంది. ఆ పైన జనరేటరు కావాలి. జనరేటరు కూడా అదే డీజిలు ట్యాంకులోంచి తాగుతుంది, కాని ట్యాంకు పావు వంతుకి దిగగానే దానంతటదే ఆగిపోతుంది. మొత్తం డీజిలు అదే తాగేసి బండిని రోడ్డున పడెయ్యకుండా చేసిన ఏర్పాటు. మా ముల్లు మూడోవంతు దగ్గర ఉంది. అన్నీ విఫలమైతే ఒక సిలిండరు ఉంది. 680 లీటర్లు, నిమిషానికి రెండు చొప్పున ఐదున్నర గంటలు. కాగితం మీద లెక్కవేస్తే తెల్లవారేదాకా సరిపోతుంది. కాగితం మీద సరిపోయినవి చేతిలో సరిపోని సందర్భాలు నేను ఉద్యోగంలో చాలా చూశాను. అందుకని నిద్రపోలేదు.

రాత్రి పదకొండింటికి అమ్మ గిన్నెలు తుడుస్తూ మెల్లిగా అంది: "మీ నాన్న ముల్లు చూశార్రా. 'అబ్బాయి రాలిన్స్‌లో డీజిలు పోయించుకోలేదు, రాత్రికి నా మిషనుకి కావాలి, ఊరికే నిలబడ్డ బండికి ఇంజనెందుకు?' అని ఆపారు. నీకు చెప్పొద్దన్నారు."

నేనేమీ అనలేకపోయాను. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే ప్రతి రోగికీ ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో కూర్చోబెట్టి చెప్పి, విన్నది తిరిగి చెప్పించుకోవాలని జూనియర్లకి నేనే పాఠం చెబుతాను. ఆ రోజు ఇంజను ఆపకూడదన్న ఒక్క ముక్క, నలభయ్యేళ్ళు ఇంజన్ల మధ్య బతికిన మనిషికి చెప్పాలని నాకు తోచలేదు. ఆయనకి తెలియదులే అనుకున్నానో, ఆయనకెందుకులే అనుకున్నానో! రెండో మాటే నిజమై ఉంటుంది. అమెరికా వచ్చాక మన తల్లిదండ్రుల్ని మనం చాలాసార్లు సామానులాగే జాగ్రత్తగా మోస్తాం. జాగ్రత్తగానే, కాని సామానులాగే.

రెండు గంటలకి బ్యాటరీలు నీరసించాయి, జనరేటరు వేశాను. దానికి మసి ఫిల్టరూ లేదు, యూరియా లేదు. కాసేపటికి గాలి ఇటు తిరిగి కొంచెం పొగ లోపలికి వచ్చింది. చీకట్లోంచి నాన్నగారి గొంతు వినబడింది: "ఇదిగో, ఇదీ డీజిలు వాసన." వెంటనే దగ్గు తెర. లేచి కిటికీలన్నీ మూశాను. తెల్లవారేదాకా ఆయన వేలూ, డీజిలు ముల్లూ చూస్తూ కూర్చున్నాను. ఐదున్నరకి వెలుగొచ్చేసరికి ముల్లు పావు మీద ఒక వెంట్రుకవాసి ఉంది.

ఆయన లేచి బయటికొచ్చి కుర్చీలో కూర్చున్నాక కాఫీ ఇచ్చి, "తప్పు నాది నాన్నా. ఇంజను ఆపొద్దని నిన్న ఫోన్లో చెప్పారు. నేనే మీకెవరికీ చెప్పలేదు" అన్నాను.

ఆయన కాసేపు కొండ చీలిక కేసి చూశారు. "మెకానిక్కు తప్పు ఒప్పుకుంటే బేరం పోతుందిరా. డాక్టర్లకి పరవాలేదు కాబోలు" అన్నారు. కాఫీ తాగి, "పంచదార తక్కువైంది" అన్నారు. మా మధ్య అంతకన్నా ఎక్కువ మాటలు ఎప్పుడూ లేవు.

టో ట్రక్కు మధ్యాహ్నానికి వచ్చింది. ఎనభై మైళ్ళ పైన లాగి కాస్పర్‌లో ఒక డీజిలు షాపు ముందు దింపింది. కాస్పర్ ఎత్తు 5,150 అడుగులు కావడం ఒక్కటే లాభం, నాన్నగారి ఊపిరి కుదుటపడింది. సోమవారం మెకానిక్కు పరీక్ష చేసి నేననుకున్నదే చెప్పాడు: యూరియా ట్యాంకులో సెన్సరు పోయింది. అరచేతిలో పట్టే వస్తువు. అది వచ్చేసరికి వారం పట్టొచ్చునన్నాడు. మోటెల్లో దిగాం. నా సెలవు అయిపోవస్తోంది, మా ఆవిడ బ్యాంకు ఉద్యోగం ఫోన్లో కేకలు పెడుతోంది.

అక్కడ ఇంకో బండి బాగుచేయించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన నన్ను పక్కకి పిలిచాడు. "ఈ తలనొప్పి ఎందుకు? నాకు తెలిసిన కుర్రాడున్నాడు. ఫిల్టరూ, యూరియా అన్నీ పీకేసి, కంప్యూటర్లో ప్రోగ్రాము మార్చేస్తాడు. మళ్ళీ జన్మలో దీపం వెలగదు" అన్నాడు. అది చట్టవిరుద్ధమని నాకు తెలుసు. కాని నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నా బుర్రలో చట్టం లేదు. నిన్నటి రాత్రిలాంటి రాత్రి ఇంకొకటి ఉండకూడదన్న ఆలోచనే ఉంది. మోటెలుకి వెళ్ళి నాన్నగారితో చెప్పాను. ఆయన ఉత్సాహంగా, "అంతేగా! మా కాలంలో బండికి ఇవన్నీ ఉన్నాయా? పీకించెయ్" అన్నారు.

మర్నాడు ఇద్దరం షాపుకి వెళ్ళాం. నేను మెకానిక్కుతో మాట్లాడుతుంటే నాన్నగారు బండి వెనక్కి వెళ్ళారు. ఎంతసేపటికీ రాకపోతే వెళ్ళి చూశాను. సైలెన్సరు గొట్టం ముందు గొంతుకూర్చుని, చూపుడువేలు లోపలికి పెట్టి గుండ్రంగా తిప్పి తీశారు. వేలు చూసుకున్నారు. జేబురుమాలు తీసి దానికి తుడిచి చూశారు. మళ్ళీ లోపలికి పెట్టారు, ఈసారి ఇంకొంచెం లోతుకి.

"ఈ ఇంజను ఎన్ని మైళ్ళు తిరిగిందన్నావు?"

"అరవై వేలు దాటింది నాన్నా."

వేలు నాకు చూపించారు. మసి లేదు. కొంచెం దుమ్ము, అంతే. ఆయన వేళ్ళు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సబ్బూ, కిరసనాయిలూ, బట్టల సోడా అన్నీ పెట్టి తోమినా గోళ్ళ చుట్టూ నల్లటి గీత పోయేది కాదు. మా అక్క పెళ్ళి ఫొటోల్లో కూడా ఆ గీత కనిపిస్తుంది.

"నా చేతిమీదుగా పోయిన బళ్ళలో ఒక్కదానికి కూడా ఇలాంటి గొట్టం చూళ్ళేదురా" అన్నారు. లేవడానికి చెయ్యి అందించాను. లేచి ఆయాసం తీరేదాకా నిలబడి, "ఇది పీకించకు. పాడైంది ఆ చిన్న ముక్కేగా? థర్మామీటరు పగిలిందని రోగిని కోస్తావా?" అన్నారు.

ఆ పెద్దమనిషికి వద్దని చెప్పాను. నాన్నగారికీ మెకానిక్కుకీ భాష లేకపోయినా ఆ నాలుగు రోజులూ బాగా కుదిరింది. నాజిలు, గవర్నరు, గ్యాస్కెట్, టైమింగు అన్న మాటలు చాలు వాళ్ళిద్దరికీ. నాన్నగారు స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, ఇంజనుకి ఆనించి విని, "ఆరూ బాగున్నాయి" అని వేళ్ళు చూపించారు. ఆయన కంప్యూటరు తెర తిప్పి చూపించాడు. ఆరూ బాగానే ఉన్నాయి!

మధ్యలో ఒకరోజు కారు అద్దెకి తీసుకుని ఇండిపెండెన్స్ రాక్ చూశాం. అదీ ఆ వలస బాట మీదిదే. జులై 4 నాటికి అక్కడికి చేరితే చలికాలం లోగా కొండలు దాటగలమని వాళ్ళ లెక్క. వెళ్ళినవాళ్ళు రాతిమీద పేర్లు చెక్కారు. మా అమ్మాయి ఒక్కొక్క పేరూ చదివి వినిపిస్తుంటే నాన్నగారు విని, "దారిలో ఇరుసు విరిగితే వీళ్ళకి ఎవరు బాగుచేసేవారే?" అని అడిగారు. "వాళ్ళే చేసుకునేవాళ్ళు తాతయ్యా" అంది అది. ఆయనకి ఆ జవాబు నచ్చింది.

సెన్సరు శుక్రవారం వచ్చింది. గంటన్నరలో బిగించారు. దీపాలన్నీ ఆరిపోయాయి. బండిని తూర్పుకి తిప్పి ఇంటికొచ్చేశాం. వేణ్ణీళ్ళ బుగ్గ చూడలేదు. ఇదండీ మా యెల్లోస్టోన్ యాత్ర!

మన సంఘంలో ఇంకో మూడు కుటుంబాలు ఇలాంటి బళ్ళు కొనే ఆలోచనలో ఉన్నాయని విన్నాను గనక, చెయ్యి కాలాక తెలిసిన సంగతులు నాలుగు:

మొదటిది, యూరియాకి వయసుంటుంది. ఎండలో నిలవున్న డబ్బా త్వరగా పాడవుతుంది. డబ్బా మీద తేదీ చూసి కొనండి. మన బళ్ళు ఏడాదిలో పది నెలలు ఊరికే నిలబడి ఉంటాయి, కాబట్టి ట్యాంకులో పాతది పేరుకోనివ్వకండి. అది మైనస్ 11 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర గడ్డకడుతుంది. దానికి భయపడనక్కర్లేదు, కరిగించే ఏర్పాటు బండిలోనే ఉంటుంది. ఆ ట్యాంకులో మామూలు నీళ్ళు గాని డీజిలు గాని ఒక్క చుక్క పడ్డా ఖర్చు వేలల్లోకి పోతుంది.

రెండోది, మసి కాల్చుకుంటున్నానని ఇంజను చెప్పినప్పుడు దాన్ని మధ్యలో ఆపకండి. నిలబెట్టి కాల్చవలసివస్తే ఎండుగడ్డి మీద నిలబెట్టకండి. ఆ పొగ వేడికి గడ్డి అంటుకుంటుంది.

మూడోది, దీపం వెలగగానే తప్పు నంబరు రాసుకోండి. చిన్న కోడ్ రీడరు కొనిపెట్టుకుంటే మంచిది. తప్పు సెన్సరుదా, ట్యాంకుదా తెలిస్తే సగం భయం పోతుంది. 2025 ఆగస్టులో ప్రభుత్వం ఈ ఉన్నట్టుండి నడుము విరిచే శిక్షని సడలించేలా ఇంజన్ల ప్రోగ్రాములు మార్చమని తయారీదార్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. పాత ఇంజన్లకి కూడా. మీ ఇంజనుకి ఆ మార్పు వచ్చిందేమో బయల్దేరే ముందే అడిగి తెలుసుకోండి. ఫిల్టరు పీకకుండా శిక్ష తగ్గించడం రోగికీ మంచిది, ఊరికీ మంచిది.

నాలుగోది, ఆక్సిజన్ మీద ఉన్నవారు బండిలో ఉంటే ట్యాంకు సగానికి దిగనివ్వకండి. సిలిండర్లు ఒకటికి రెండు పెట్టుకోండి. పెద్ద బండిని లాగే టో ఇన్సూరెన్సు తీసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఐదోది. మీకేం తెలుసో బండిలో ఉన్నవాళ్ళందరికీ చెప్పండి. పిల్లలకి చెప్పండి. ముఖ్యంగా వెనక సోఫాలో మౌనంగా కూర్చున్న పెద్దవాళ్ళకి చెప్పండి.

నాన్నగారు ఇప్పుడు విజయవాడలోనే ఉన్నారు. మన దేశంలో కూడా 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 నియమాలు వచ్చి, కొత్త లారీలకి యూరియా ట్యాంకులు వచ్చాయి. పాత షెడ్డుల్లో కుర్రాళ్ళు లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటున్నారట. ఆయన సాయంత్రం పూట ఆటోనగర్ వెళ్ళి, వాళ్ళకి యూరియా సెన్సరు గురించి ఉపన్యాసం ఇచ్చి వస్తున్నారని అమ్మ చెప్పింది. ఆదివారం ఫోను చేస్తే మొదట ఆయన అడిగేది నా ఆరోగ్యం కాదు.

"బండి వారానికోసారి స్టార్టు చేస్తున్నావా?"

"చేస్తున్నా నాన్నా."

"గొట్టంలో వేలు పెట్టి చూశావా?"

"చూశాను. శుభ్రంగా ఉంది."

"సరే. ఈసారి వచ్చినప్పుడు ఆ బుగ్గ చూద్దాం. ముందే చెబుతున్నా, ఇంజను నేను ఆపను."